ఎముకలో మిగిలిన మెత్తదనం

నేను చరిత్రలో స్నాతకోత్తర విద్య అభ్యసిస్తున్న రోజులలో మా ఆచార్యులొకరు తరచుగా ఒక మాట అంటూ ఉండేవారు. గతం మనకు అస్థిపంజరంగానే అందుతుందనీ, దానికి రక్తమాంసాలు సమకూర్చడం చరిత్రకారుని ఊహకు సంబంధించిన పని అనీ వారి అభిప్రాయం. రాజవంశాల వరుస, దానమిచ్చిన గ్రామాల ఎల్లలు, సంధుల షరతులు, శిస్తుల లెక్కలు, ఇవన్నీ ఎముకలు. ఆ ఎముకలు మోసిన మనుషుల నవ్వు, జ్వరం, ఆకలి, భయం మట్టిలో కలిసిపోతాయి. మాటలోని అందం వలన కాబోలు, నేను దానిని ఏనాడూ ప్రశ్నించలేదు. ప్రభుత్వోద్యోగంలో చేరిన తరువాత అది నాకు మరింత అనుకూలంగా కూడా తోచింది. మెత్తనిది ఎలాగూ నిలవదు గనుక, దానిని నిలపలేకపోయినందుకు ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు గదా!

ఆ నమ్మకం ఒక రాతిపలక ముందు సడలింది. 2019లో ఒక శిక్షణ నిమిత్తం జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో కొద్దిరోజులు ఉన్నాను. ఆదివారం నాడు తోటి అధికారులు బజారు పనుల మీద వెళ్లగా, నేను ఒక్కడినే హోల్జ్‌మాడెన్ అనే చిన్న గ్రామానికి బయలుదేరాను. ఊరు చిన్నదేగాని పేరు పెద్దది. అక్కడి భూమి అడుగున నల్లని పలకరాయి పొరలు పొరలుగా ఉంది. సుమారు 18 కోట్ల సంవత్సరాల క్రితం అది సముద్రపు అడుగు. ఆ అడుగున ప్రాణవాయువు దాదాపు లేదు. కుళ్లించే జీవులకూ, పీక్కుతినే జీవులకూ అక్కడ బతుకు లేదు. పైనుంచి జారి పడిన కళేబరం మెత్తని బురదలో కూరుకుపోయి, ఎవరూ ముట్టకుండా అలాగే ఉండిపోయింది. తరువాతి యుగాలలో ఆ బురద రాయి అయింది. ఇళ్లలో నేలకు పరచడానికీ, బల్లలకూ ఆ రాతిని తవ్వి తీసేవారు. తవ్వినవారికి రాతితోపాటు మకరాకారపు సరీసృపాలు కూడా దొరికేవి.

మకరం అన్నది నా సొంత పోలిక. శాస్త్రజ్ఞులు వాటిని ఇక్తియోసార్లు అంటారు. చేప ఆకారంలో ఉన్నా అవి చేపలు కావు. నేలమీది సరీసృపాల సంతతే తిరిగి సముద్రంలోకి వెళ్లి, కాళ్లను తెడ్లుగా మార్చుకుని, గాలి పీల్చుకోవడానికి మాత్రం పైకి వస్తూ జీవించింది. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు రాలేవు గనుక నీటిలోనే పిల్లలను కనేవి. హోల్జ్‌మాడెన్ రాళ్లలో గర్భంలో పిల్లల ఎముకలతో సహా శిలలైన తల్లులు అనేకం లభించాయి. అటువంటి ఒక పలక ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. అక్కడ నాకు గుర్తుకు వచ్చినది సముద్రం కాదు, మా కార్యాలయపు రికార్డు గదిలో చూసిన ఒక కాగితం. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను.

ఆ పలకలలో కొన్నింటిపై ఎముకల చుట్టూ నల్లని పొర ఒకటి, జంతువు ఒంటి గీత గీసినట్లుగా కనిపిస్తుంది. అది చర్మపు అవశేషం. ఆ ఊరికి చెందిన బెర్న్‌హార్డ్ హాఫ్ 1892లో మొదటిసారిగా ఆ పొరను పోగొట్టకుండా, సూదిమొనతో రాతిని తొలగించి, జంతువు పూర్తి ఆకృతిని బయటపెట్టాడు. ఆయన తండ్రి రాతి నుంచి నూనె తీయాలన్న ఆశతో ఆ ఊరికి వచ్చిన రసాయనజ్ఞుడు. నూనె సంగతి ఏమైనా, కుమారునికి ఆ రాతిని చదవడం అబ్బింది. ఎముకను శుభ్రం చేయడమే పనిగా పెట్టుకున్న చేతికి ఆ నలుపు మురికిగా కనబడుతుంది. మురికి అనుకుని ఎందరు ఎన్ని చర్మాలను గీకి పారవేశారో లెక్క ఎవరి వద్దా ఉండదు.

నల్లని పొర వలన తేలిన విషయం చిన్నది కాదు. ఈ జంతువుల వెన్నెముక తోక వద్ద కిందికి వంగి ఉంటుంది. చనిపోయిన తరువాత విరిగిందేమోనని తొలినాటి పరిశీలకులు అనుకున్నారు. అక్కడ ఒక రెక్క ఉండి ఉండాలని రిచర్డ్ ఓవెన్ ఊహించాడు. అయినా 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ఉద్యానవనంలో నిలిపిన ప్రతిమలలో ఇక్తియోసార్‌కు నిజమైన తోక రాలేదు. హోల్జ్‌మాడెన్ పలకలు వచ్చిన తరువాతనే ఆ తోక నెలవంకవలె రెండు కొమ్ములుగా ఉండేదనీ, వీపుమీద ఎముక లేని రెక్క ఒకటి నిలిచి ఉండేదనీ రూఢి అయింది. ఎముక లేని రెక్కను ఎముకలనుంచి ఎవరు మాత్రం ఊహించగలరు? మా ఆచార్యుల మాటలోని లోపం నాకు అక్కడ మొదట తట్టింది. ఊహించి కండ పెట్టినవాడు వీపును నున్నగా వదిలివేశాడు.

ఇక్కడ ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ పట్టణాన్ని తలచుకోకుండా ముందుకు పోలేను. వడ్రంగి కుమార్తె మేరీ ఆనింగ్ పన్నెండు, పదమూడేళ్ల వయసులో 1811, 1812 సంవత్సరాలలో తన అన్నతో కలిసి అక్కడి కొండచరియలలో ఇక్తియోసార్‌ను వెలికితీసింది. 1823లో సంపూర్ణమైన ప్లీసియోసార్‌ను కనుగొన్నది కూడా ఆమెయే. ఆ తీరంలో బెలెమ్నైట్లు అనే, కణవ చేపల దూరబంధువుల శిలాజాలు దొరికేవి. వాటిలో కొన్నింటిలో సిరా సంచి ఎండిపోయి నిలిచి ఉండేది. మేరీ స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్‌పాట్ ఆ సిరాను నీటిలో నూరి, దానితో 1833లో ఒక ఉత్తరంలో ఇక్తియోసార్ తల బొమ్మ గీసి పంపింది. కోట్ల ఏళ్ల నాటి జీవి సిరాతో, అది ఈదిన సముద్రంలోనే ఈదిన మరొక జీవి చిత్రం! మెత్తనిది నిలవదన్న మాటకు ఆ ఉత్తరమే సమాధానం. అయినా మరో నూట డెబ్బై ఏళ్ల పాటు ఎవరూ ఎముకను పగులగొట్టి, దాని లోపల మెత్తనిది ఏమైనా ఉన్నదా అని పట్టుదలగా వెదకలేదు. ఉండదని అందరికీ తెలుసు గనుక.

వెదికినవారిలో ప్రథమగణ్యురాలు అమెరికా శాస్త్రవేత్త మేరీ ష్వైట్జర్. మొంటానా రాష్ట్రంలో లభించిన 6 కోట్ల 80 లక్షల ఏళ్ల నాటి టిరానోసారస్ తొడ ఎముక ముక్కను ఆమె బృందం మందమైన ద్రావణంలో ఉంచి ఖనిజ భాగాన్ని కరిగించింది. ఖనిజం పోతే ఏమీ మిగలకూడదు. కాని సాగే గుణమున్న నాళాల వంటివి మిగిలాయి. 2005లో ఆ సంగతి ప్రకటితమైనప్పుడు పండితలోకం ఉలిక్కిపడింది. అది నేలమీది జంతువు. సముద్ర సరీసృపాల విషయంలో ఇటువంటి పరిశోధనను ముందుకు నడిపినవారిలో స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోహాన్ లిండ్‌గ్రెన్ ముఖ్యుడు.

ఆయన బృందం 2011లో పరీక్షించిన ఎముక మోససార్ జాతికి చెందినది. మోససార్ అన్నది మ్యూజ్ నది పేరుమీద వచ్చిన నామం. ఆ నది ఒడ్డున ఉన్న మాస్ట్రిక్ట్ నగరంలో దొరికిన తొలి తరం పుర్రెను 1794లో ఫ్రెంచి విప్లవ సైన్యం పట్టుకుని పారిస్‌కు తరలించింది. పుర్రె ఆచూకీ చెప్పినవారికి 600 సీసాల ద్రాక్షసారాయి బహుమానంగా ఇచ్చారన్న కథ ఉన్నదిగాని, చరిత్ర చదివినవానిగా నేను దానిని కథగానే ఉంచుతాను. లిండ్‌గ్రెన్ తీసుకున్న ఎముక బెల్జియంలోని సిప్లీ ప్రాంతపు సుద్దరాతిలో లభించి, బ్రస్సెల్స్ సంగ్రహాలయంలో భద్రంగా ఉన్న భుజపుటెముక. వయస్సు 7 కోట్ల సంవత్సరాలు. దాని ఖనిజాన్ని కరిగించగా నారపోగులు మిగిలాయి. పరారుణ కిరణాల పరీక్షలో ఆ పోగులు కొల్లాజెన్‌ను పోలిన గుర్తులు చూపాయి. మన చర్మానికీ, ఎముకకూ, నరపు కట్టుకూ బిగువునిచ్చే మాంసకృత్తు అదే.

2016లో పోలండ్ పరిశోధకులు ఎగువ సైలీసియా ప్రాంతపు ఎముకలను పరిశీలించారు. నోథోసార్ వంటి సముద్ర సరీసృపాలవి. సుమారు 24 కోట్ల 70 లక్షల ఏళ్లవి. వాటిలో రక్తనాళాల ఆకారాలు ఇనుప తుప్పు పూతతో నిలిచి ఉన్నాయి. ఆ పూత లోపల అమైనో ఆమ్లాల జాడ దొరికింది. మరుసటి సంవత్సరం, ఫ్రాన్సులో రాతి ముద్ద లోపల దొరికిన ఇక్తియోసార్ వెన్నుపూసలో ఎర్ర, తెల్ల రక్తకణాలను పోలిన సూక్ష్మరూపాలను, కొల్లాజెన్ పోగులను, కొలెస్టరాల్‌ను గుర్తించినట్లు మరొక బృందం ప్రకటించింది. ఆ కణాలు నేటి జీవుల కణాలకంటె చాలా చిన్నవి. ఆనాటి సముద్రవాతావరణంలో ప్రాణవాయువు తక్కువగా ఉండడమే దానికి కారణం కావచ్చునని వారు భావించారు. కణం పరిమాణం నుంచి ఆ యుగపు గాలిని ఊహించే సాహసం నాకు నచ్చింది. పూర్తిగా నమ్మానని మాత్రం చెప్పలేను.

ఇంతకాలం ఇవి ఎలా నిలిచాయి? దీనికి ష్వైట్జర్ బృందం చెప్పిన సమాధానం రక్తంలోని ఇనుమే. ప్రాణి మరణించగానే రక్తకణాలు పగిలి ఇనుము విడుదలవుతుంది. అది చుట్టుపక్కల మాంసకృత్తులను ఒకదానితో ఒకటి ముడివేసి, తోలు పదును పెట్టినట్లుగా గట్టిపరుస్తుంది. సూక్ష్మజీవుల నోటికి అందకుండా చేస్తుంది. నిప్పుకోడి రక్తనాళాలను నీటిలో ఉంచితే కొద్ది రోజులలో కుళ్లిపోయాయి. రక్తసారంలో నానబెట్టినవి రెండేళ్లు గడిచినా గది ఉష్ణోగ్రతలోనే నిలిచాయి. తనను మోసిన నాళాన్ని తానే కాపాడిన రక్తమన్నమాట. రెండేళ్లకూ కోట్ల ఏళ్లకూ మధ్య ఉన్న దూరం ఆ ప్రయోగం ఒక్కటే దాటించలేదన్నది కూడా నిజమే.

సంశయించినవారు తక్కువ కాదు. 2008లో కొందరు, ఎముకలోని నాళాలుగా చెబుతున్నవి బాక్టీరియా అల్లిన జిగురు పొరలేనన్నారు. 2019లో మరొక బృందం, ఒక డైనోసార్ ఎముకను జాగ్రత్తగా తవ్వితీసి, దానిలో పురాతన కొల్లాజెన్ కాక నేటి సూక్ష్మజీవుల సమూహమే కాపురమున్నదని చూపింది. సిప్లీ ఎముకలోనే కొద్దిపాటి కార్బన్-14 కూడా కనిపించింది. ఏడు కోట్ల ఏళ్ల వస్తువులో అది ఉండడానికి వీలులేదు. ఉపరితలంపై చేరిన బాక్టీరియా వలన వచ్చినదై ఉంటుందని పరిశోధకులే రాశారు. దీనిని పట్టుకుని భూమి వయస్సే కొన్ని వేల ఏళ్లని వాదించినవారున్నారు. చరిత్ర విద్యార్థికి ఇది కొత్త కాదు. తామ్రశాసనంలో తరువాతి కాలపు అక్షరం ఒకటి కనిపిస్తే, దానిని వెలికితీసి చూపడమే శాసనజ్ఞుని పని. ఫ్లీటు వంటివారు కూటశాసనాల పట్టికలే తయారుచేశారు. అంతమాత్రాన చాళుక్యులు లేకపోలేదు. శంకించిన తరువాత మిగిలినదే సాక్ష్యమవుతుంది. ఆ పద్ధతిలో చూస్తే నా తీర్పు ఇది: ప్రతి నాళమూ నాళం కాకపోవచ్చు, అన్నీ జిగురే అనడం కూడా ఇక కుదరదు.

ఆ నమ్మకాన్ని నాలో బలపరచినది హోల్జ్‌మాడెన్ ఇక్తియోసార్ ఒకటి. 2018లో లిండ్‌గ్రెన్ బృందం దాని చర్మాన్ని పరీక్షించింది. పొలుసులు లేని నున్నని చర్మం. దాని అడుగున తిమింగలాలకు ఉండే కొవ్వు పొర వంటిది. వీపున ముదురుగా, పొట్టన పలుచగా రంగుకణాలు. పైనుంచి చూస్తే లోతు నీటి చీకటిలో, కిందినుంచి చూస్తే ఆకాశపు వెలుతురులో కలిసిపోయే రంగు అది. కొవ్వు పొర ఉన్నదంటే చల్లని నీటిలో వెచ్చని దేహంతో తిరిగిందని అర్థం. ఈ ఒక్క సంగతీ ఎముక చెప్పగలిగినది కాదు.

అదే ఊరి ప్లీసియోసార్ కథ ఇంకా చిత్రమైనది. 1940లో రాతిగనిలో బయటపడిన ఆ అస్థిపంజరాన్ని, యుద్ధంలో బాంబుల నుంచి కాపాడటానికి సంగ్రహాలయపు తోటలో పాతిపెట్టారు. కోట్ల ఏళ్లు భూమిలో ఉన్నదానిని మనుషుల భయంతో మళ్లీ భూమికే అప్పగించారు. దాని రాతిని పూర్తిగా తొలగించడం 2020లో గాని జరగలేదు. 2025లో వెలువడిన ఫలితం ప్రకారం తోకవద్ద చర్మం నున్నగా, తెడ్ల అంచున పొలుసులతో ఉన్నది. ఎనభై ఏళ్లపాటు ఆ రాయి ఎవరికీ ఏ ఉపయోగమూ లేకుండా ఉంది. దానిని స్థలాభావం పేరుతో వదిలించుకోవాలని ఒక్క అధికారికి తోచినా ఈ సంగతి మనకు తెలిసేది కాదు.

మన దేశంలోనూ ఈ జీవులు లేకపోలేదు. తిరుచిరాపల్లి ప్రాంతపు శిలలలో లభించిన ఇక్తియోసార్‌ను లిడెక్కర్ 19వ శతాబ్దంలోనే వర్ణించాడు. 2017లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్ బృందం కచ్ఛ్‌లోని లోడాయి గ్రామం వద్ద సుమారు ఐదున్నర మీటర్ల పొడవైన, జురాసిక్ యుగపు ఇక్తియోసార్‌ను ప్రకటించింది. ఇంటిపేరు చూడగానే తెలుగు పాఠకునికి కలిగే చిన్న సంతోషాన్ని దాచుకోనక్కరలేదు.

ఇక నేను మొదట చెప్పిన కాగితం సంగతి.

2009లో నేను తీరప్రాంతంలోని ఒక కార్యాలయంలో కొత్తగా బాధ్యతలు స్వీకరించాను. రికార్డు గది చెదలతో, ఎలుకలతో, వాననీటి చెమ్మతో నిండిపోయి ఉండేది. మా వ్యవస్థలో ప్రతి దస్త్రానికీ ఆయువు నిర్ణయించి ఉంటుంది. ఎల్.డిస్. అంటే ఒక ఏడు, కె.డిస్. అంటే మూడేళ్లు, డి.డిస్. అంటే పదేళ్లు, ఆర్.డిస్. అంటే శాశ్వతం. గడువు ఏనాడో తీరిన బస్తాలను జాబితా వేయించి, ధ్వంసం చేయడానికి అనుమతి కోసం నా ముందు పెట్టారు. వాటిలో 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెన తరువాత వచ్చిన అర్జీల బస్తాలు కూడా ఉన్నాయి. మృతుల సంఖ్య, పంచిన బియ్యం, ఇచ్చిన సొమ్ము ఉన్న రిజిస్టర్లు శాశ్వతం. అర్జీలకు మూడేళ్లు.

రికార్డులు చూసే పెద్దాయన ఒక కాగితం తీసి, "సార్, సంతకం పెట్టే ముందు ఇది ఒకసారి చూడండి" అన్నారు. ఒక మత్స్యకార స్త్రీ ఎవరిచేతనో రాయించిన అర్జీ. ఉప్పెనలో తన పిల్లలిద్దరూ కొట్టుకుపోయారనీ, శవాలు దొరకనందున వారి పేర్లు జాబితాలో ఎక్కలేదనీ, సొమ్ము సంగతి తరువాత, ముందు పేర్లు లెక్కలో రాయించవలసినదనీ ప్రార్థన. పిల్లల పేర్లు, వయస్సులు ఉన్నాయి. కింద వేలిముద్ర, సిరా ఎక్కువై, ముద్ర చుట్టూ ఒక నీలి మరక పాకి ఉంది. అంచున ఎవరో గుమాస్తా చేవ్రాలు: "శవములు లభ్యము కానందున చర్య తీసుకొనుటకు వీలులేదు."

చరిత్రలో పట్టా పుచ్చుకున్నవాడిని నేను. ఆ కాగితం ఏమిటో నాకు తెలియదని చెప్పడానికి లేదు. అయినా నిబంధన స్పష్టంగా ఉంది, గది ఖాళీ చేయవలసి ఉంది, తనిఖీ వారంలో ఉంది. "ఒక్కటి ఉంచితే అన్నీ ఉంచాలి కదండీ" అన్నాను. ఆయన మాట్లాడకుండా దానిని బస్తాలో పెట్టారు. నేను జాబితాపై సంతకం చేశాను. మూడు రోజుల తరువాత ఆవరణ వెనుక గుంతలో అన్నిటినీ తగలబెట్టారు. నన్ను అలా చేయమని ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ ఒక్క అర్జీని శాశ్వత దస్త్రంగా మార్చే అధికారం కూడా నాకు ఉన్నదని తరువాత పుస్తకం తిరగేస్తే తెలిసింది.

హోల్జ్‌మాడెన్‌లో ఆ తల్లి ఇక్తియోసార్ ముందు నిలబడినప్పుడు ఆ పిల్లల పేర్లు జ్ఞాపకం చేసుకోవడానికి ప్రయత్నించాను. నీలి మరక జ్ఞాపకం ఉంది, గుమాస్తా చేవ్రాలు అక్షరం పొల్లుపోకుండా జ్ఞాపకం ఉంది. పేర్లు లేవు.

ప్లీసియోసార్ వార్త చదివిన తరువాత, గత సంవత్సరం, పదవీ విరమణ చేసి స్వగ్రామంలో ఉంటున్న ఆ పెద్దాయనను వెదుక్కుంటూ వెళ్లాను. వరండాలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. అర్జీ సంగతి ఎత్తగానే ఆయనకు గుర్తుకు వచ్చింది. చాలాసేపు ఆలోచించి, "పిల్లవాడికి ఏడేళ్లని రాసినట్టు గుర్తండి. పిల్లకి మూడు. దానిది ఏదో అమ్మవారి పేరేనండి. వాడి పేరు మాత్రం జ్ఞాపకం రావడంలేదు" అన్నారు. కొంచెం ఆగి, "ఇప్పుడెందుకండీ?" అని అడిగారు.

తిరిగి వచ్చేటప్పుడు కాలువ గట్టున కారు ఆపించి డైరీలో రాసుకున్నాను: అన్న, ఏడేళ్లు. చెల్లెలు, మూడేళ్లు, అమ్మవారి పేరు.